ఏడో నెంబరు కుక్క

స్ట్రెచరు చక్రాల్లో ఒకటి సరిగా తిరగదు, నేలని గీరుకుంటూ పోతుంది, ఆ గీరు వినబడినంతసేపూ తవిటమ్మ ఇంకా ఇవతలే ఉన్నట్టుంది, ఆపరేషను గది తలుపు రెక్కలు రెండూ ఊగి ఊగి ఆగిపోయాక ఇంక అవతలికి వెళ్లిపోయింది. గంగాలమ్మ గోడవారనున్న చెక్కబెంచీ మీద కూలబడింది. ఎదురుగా గడియారంలో ఎనిమిదీ ఇరవై. తొమ్మిదింటికి డాక్టరు గురునాథరావుగారు వస్తారు, పది నిమిషాలు చేతులు తోముకుంటారు, లోపలికి వెళ్లిపోతారు. చెప్పాలంటే ఈలోగా చెప్పాలి. ఈ నలభై నిమిషాల్లో. రెండేళ్ల నుంచి నోట్లో పెట్టుకు తిరిగిన మాట, ఒక్క ఊపిరిలో అయిపోయే మాట, అది చెప్పడానికి నలభై నిమిషాలు ఎందుకంట. పక్కన మరిది వీరన్న, చెల్లెలి మొగుడు, కాళ్లు బెంచీ మీదికి ముడుచుకుని కూర్చున్నాడు, స్టీలు ప్లాంటు పనిలో అంటుకున్న ఎర్రమట్టి గోళ్ల సందుల్లోంచి ఎంత కడిగినా పోదు, పొద్దున్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు కాబట్టి ఆ బొటనవేలు ఒక్కటే నల్లగా ఉంది. దాన్ని లుంగీకి తుడుస్తాడు, చూసుకుంటాడు, మళ్లీ తుడుస్తాడు.

నిన్న సాయంత్రం డాక్టరుగారు తనని పిలిచి చెప్పారు, చుట్టాలకి చెప్పినట్టు కాదు, పనిలో తోడున్న మనిషికి చెప్పినట్టు. "నీకు తెలియంది కాదుగా గంగాలమ్మా. మీ చెల్లెలి గుండెలో తలుపు బిగుసుకుపోయింది. గుండె కొసన చిన్న కంత పెట్టి, అందులోంచి పనిముట్టు తోసి, ఆ తలుపు తెరుస్తాను. తర్వాత ఆ కంత మూసెయ్యాలి. మూసే దగ్గరే ఉంది అంతా. జబ్బు ముదిరిపోయిన గుండె, గోడ పల్చబడి ఉంటుంది. దారం నిలబడాలి, అంతే." నిలబడాలి అంటున్నప్పుడు ఆయన చూపుడువేలూ బొటనవేలూ కలిపి గాలిలో ఒక ముడి వేశారు, ఆ ముడి ఎన్ని కుక్కల మీద చూడలేదు తను, వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లూ బల్లకి కట్టిన కుక్కల మీద. ఆ దారం కింద చిన్న గుడ్డముక్క పెడితే, కంబళి లాంటి తెల్లటి మెత్తటి ముక్క, అప్పుడు దారం కోసుకుపోదు. అది కూడా చూసింది తను. అది పనికొచ్చిందని ఈ లోకంలో తెలిసింది తనొక్కతికే. పనికిరాలేదని చెప్పింది కూడా తనే.

ఎనిమిదీ ఇరవై ఏడు. కిటికీలోంచి సముద్రం, ఎండ ఇంకా ముదరలేదు, దూరంగా లంగరు వేసిన ఓడలు కదలకుండా గోడమీద మేకుల్లా ఉన్నాయి. యారాడలో అయితే ఈపాటికి వలలు ఒడ్డుకొచ్చేసి, ఆడోళ్లు గంపలెత్తుకుని కొండెక్కుతూ ఉంటారు. తవిటికి మొదట ఊపిరి ఆడంది ఆ కొండమీదే. పదహారేళ్ల పిల్ల, గంపలో కవళ్ల చేపలు, మల్కాపురం బజారుకి పోవాలి, సగం కొండలో ఆగిపోయింది. "అప్పా, నువ్వు ముందుకెల్లు, నానొత్తాను" అంది. బద్ధకం అనుకుంది తను, ముందుకెళ్లిపోయింది, వెనక్కి చూడకుండా తిట్టుకుంటూ పోయింది, మలుపు దాటాక చూస్తే అది రాయి మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి నోరు తెరుచుకుని ఉంది, ఒడ్డున పడ్డ చేపలా. అంతకు ముందెప్పుడో, ఆరేడేళ్లప్పుడు, కీళ్లు వాచి జ్వరమొస్తే నూకాలమ్మ గుడి దగ్గర తాడు కట్టించారు, తగ్గింది. తగ్గలేదట, కీళ్లలోంచి గుండెలోకి పోయిందట. ఇప్పుడు ఇరవైనాలుగు. కడుపు నిలిచింది ఒకసారి, నిలిచిన నాలుగో నెలలో పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి, ఆ కడుపు దక్కలేదు. ఇంకోసారి నిలిస్తే ఇద్దరూ దక్కరన్నారు. ఆపరేషనుకి భయపడలేదు తవిటి. "అప్పా, ఆ డాట్రుబాబు సేతులు నువ్వు సూసేవు గదా, మంచియేనా?" అని అడిగింది అంతే. మంచియే అంది తను. అబద్ధం కాదు. ఆ చేతులు మంచివే. చేతులకి దారి చెప్పిన మాటే చెడ్డది.

మెడికల్ కాలేజీ వెనకాల, మనుషులకంటే ముందు కోసి చూసే కుక్కల రేకుల షెడ్డు, ఇటుపక్క పది బోన్లు, అటుపక్క పది, మధ్యలో కాలవ, ఫినాయిలు కంపు చీరకి పట్టి ఇంటిదాకా వచ్చేది. ఆ కుక్కల్ని చూసుకునే పని మొగుడిది. అతను పచ్చకామెర్లతో పోతే ఆ పని తనకిచ్చారు. పోకముందు అతను చెప్పింది ఒక్కటే, పేర్లెట్టకు, పేరెట్టేవా సచ్చేవు. అందుకని నెంబర్లే. మెడలో తగరపు బిళ్ల, బిళ్ల మీద నెంబరు. మున్సిపాలిటీ బండి తెచ్చి దింపేది, అన్నం, మాంసం ముక్కలు, నీళ్లు, కొన్ని తిరగబడేవి, కొన్ని రెండో రోజుకే తోకాడించేవి, తోకాడించేవాటితోనే కష్టం. మొదట్లో రెండు నెలలు అన్నం సహించలేదు తనకి. తర్వాత సహించింది. మనిషికి అన్నీ సహిస్తాయి. ఒకసారి ఉండబట్టలేక అడిగింది, "బాబూ, ఈటిని సంపకపోతే అవదా?" అని. డాక్టరుగారు కోప్పడలేదు. సూదిమందు ఎక్కించేముందు ప్రతి కుక్క నుదుటి మీదా చెయ్యి వేసి "పడుకోమ్మా" అనే మనిషి ఆయన, సొంతూరు పద్మనాభంలో వాళ్ల నాన్నగారి ఎద్దు కాలు విరిగితే తెల్లార్లూ దాని పక్కనే కూర్చున్నారని చెప్పుకునేవారు. "మొదటి కోత మనిషి మీద కొయ్యమంటావా గంగాలమ్మా?" అన్నారు. దానికి తన దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. లోపల బల్లమీద చెల్లెలుండగా అసలు లేదు.

ఏడోది ఆడకుక్క, గోధుమరంగు, ముందు ఎడంకాలు మాత్రం తెలుపు. ఏడూ అని పిలిస్తే ఏడవమని తిట్టినట్టుంటుంది, అందుకే నోరు జారి సీతాలూ అంది ఒకరోజు, అంతే, పేరు పెట్టేసింది. గుడ్డముక్క వేసి కుట్టిన మొదటి కుక్క అదే. మూడో రోజుకి గంజి తాగింది, ఆరో రోజుకి ఎండుచేప ముక్క తింది, తొమ్మిదో రోజుకి బోను తలుపు దగ్గర తన అడుగుల చప్పుడు గుర్తుపట్టి నిలబడేది. పద్నాలుగో రోజున దాన్ని చంపి గుండె బయటికి తీసి కుట్టు ఎలా మానిందో చూడాలి. అది లెక్క. పన్నెండో రోజు స్కైలాబు పడే రోజయింది. ఆకాశంలోంచి ఇనప మేడ పడుతుందని, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదని, యారాడలో పడవలు ఒడ్డుకి లాగేసి కోళ్లన్నీ కోసుకు తినేశారు. ఆసుపత్రిలో ప్యూన్లందరూ కేంటీనులో రేడియో దగ్గర. డాక్టరుగారు నాట్లు వేయించడానికి పద్మనాభం వెళ్లారు. మిట్టమధ్యాహ్నం షెడ్డులో తనూ కుక్కలూ. ఎలాగూ అందరం పోతాం కదా, ఇదొక్కటీ బయట పోనీ అనుకుంది. అంతకంటే గొప్ప ఆలోచనేం లేదు. బోను తీస్తే అది రాలేదు, మూలకి వెళ్లి కూర్చుంది, అప్పుడు గోనెసంచీలో ఎత్తుకుని, కుట్లు నలక్కుండా చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, వెనక గోడ కంతలోంచి బీచి వైపు దిగింది. సంచీ విప్పితే అది కాలవలో నీళ్లు తాగి, ఒళ్లు విదిలించుకుని, కుట్టున్న పక్కకి కాస్త ఒరుగుతూ పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందేమోనని చాలాసేపు నిలబడింది తను.

స్కైలాబు ఎక్కడో పడింది, ఎవరూ పోలేదు, డాక్టరుగారు తిరిగొచ్చారు. "ఏడోదేదీ?" "సచ్చిపోనాది బాబూ." "ఎప్పుడు?" "మొన్న. కంపు కొడతంటే గోతిలో ఏసి సున్నం జల్లీసినాను." ఆయన ముఖం చిన్నబోయింది, కోపం కూడా కాదది, కష్టపడి వేసిన మడి వరదకి పోయినవాడి ముఖం. అడిగారు, "కుట్టు దగ్గర చీము కారిందా?" అదీ ఆ క్షణం. కారలేదు అనొచ్చు. తెలీదు అనొచ్చు. చచ్చిపోయిందన్న మాట నమ్మాలంటే ఏదో ఒక జబ్బు ఉండాలి కదా అనిపించింది, ఆయనే చేతికందించారు కదా అనిపించింది. "కారింది బాబూ" అంది. "బాగా కారింది" అని కూడా అంది. ఆయన పుస్తకంలో రాసుకున్నారు. గుడ్డ పనికిరాదు, ఒంటికి పడట్లేదు, వట్టి దారంతోనే కుదిరేదాకా చూడాలి అన్నారు. ఆ చూడ్డానికి ఇంకో నాలుగు కుక్కలొచ్చాయి. ఒకటి బల్ల మీదే పోయింది. ఒకటి మూడో రోజు పోయింది, కోసి చూస్తే కడవెడు రక్తం. రెండు బతికాయి, ఆ రెంటినీ పద్నాలుగో రోజున చంపారు. నాలుగింటి మూతులూ తనే పట్టుకుంది. ఒకదాన్ని వదిలిపెట్టిన చేతుల్తో నాలుగింటిని పట్టుకుంది. ఆమాట ఎవరికి చెప్పుకోవాలి, దేవుడికి చెప్పుకుంటే దేవుడు లెక్క అడుగుతాడు.

ఎనిమిదీ నలభై. ఇంకా ఉంది. కుక్కలతో ఆగిందా. పోయినేడు ఎలమంచిలి నుంచి ఒక బడిపంతులు భార్య వచ్చింది, ఇదే జబ్బు, ముప్పైయేళ్ల మనిషి, మల్లెపూల దండ తలలో పెట్టుకుని ఆపరేషనుకి వెళ్లబోతే నర్సు తీయించేసింది, ఆ దండ ఈ బెంచీ మీదే పంతులు దోసిట్లో ఉంది మధ్యాహ్నం దాకా. కుట్టు నిలబడలేదు, పోయిందన్నారు. షెడ్డులో నీళ్లు పోస్తున్న తనకి ఆ మాట చెవిన పడింది, చెంబు చేతిలోంచి జారింది, తీసుకుంది, మళ్లీ పోసింది. ఆరోజు చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. ఎవరో ఎలమంచిలి మనిషి కాబట్టి చెప్పలేదు. ఇవాళ తన చెల్లెలు కాబట్టి చెబుతుందా, ఎంత సిగ్గుమాలిన ఆడది.

"ఏటొదినా, ఏటలా గొణుక్కుంటన్నావు?" అన్నాడు వీరన్న. 

చెప్పేసింది. గొంతు తగ్గించి, గడియారం వైపు చూస్తూ, కుక్క దగ్గర్నుంచి చీము దాకా. అయిపోయాక ముందు అతనికి ఏమీ అర్థం కాలేదు, తర్వాత అర్థమయిందని ముఖంలో తెలిసింది.

"ఒక ఈదికుక్క కోసం డాట్రుకి అబద్దమాడేవా?"

"ఆడేను."

"ఇప్పుడు సెప్పీద్దారనేటి?"

"సెప్పాల వీరన్నా. దాని గుండె పల్సనంట. గుడ్డముక్క ఎయ్యకపోతే..."

"సెప్పకు" అని చెయ్యి పట్టుకున్నాడు, ఆ పట్టులో పార పట్టే మనిషి బలమంతా ఉంది. "నాకు సదువు రాదు గానీ ఇదొకటి తెలుసు. పనిలోకి దిగీముందు మనిషికి కోపం తెప్పించకూడదు. మా మేస్త్రీకి కోపమొచ్చిన రోజునే ఆడి సెయ్యి జారి ముగ్గురి మీద బండ పడ్డాది. ఆ బాబు సెయ్యి ఒణికితే లోపలున్నది నా పెళ్లాం. తరవాత సెప్పు. రేపు సెప్పు. కాళ్లమీద పడు."

రేపు. రేపు ఎవరికి. అతను చెప్పిందీ నిజమే. కోపంతో వణికే చెయ్యి, తెలీక తప్పు చేసే చెయ్యి, ఈ రెంటిలో ఏది తక్కువ ప్రమాదం, ఇది తూచడానికి ఏ తక్కెడ ఉంది, చేపలమ్ముకున్న మనిషి తను, ఎనిమిదీ యాభై, ఎనిమిదీ యాభై రెండు, వసారా చివర చెప్పుల చప్పుడు, ఆయనే, నడక తెలుసు, కుడికాలు కాస్త బరువుగా వేస్తారు, తమవైపు చూసి తలూపి కడుక్కునే గదిలోకి వెళ్లిపోయారు. కొళాయి విప్పిన చప్పుడు. వీరన్న పట్టు ఇంకా ఉంది. ఆ పట్టుని ఒక్కొక్క వేలే విడదీసుకుంది గంగాలమ్మ. అతనూ బలవంతంగా ఏం పట్టుకోలేదు, ఆ సంగతి తర్వాత తట్టింది.

చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడింది. నర్సు గౌరీశ్వరమ్మ "ఇక్కడికి రాకూడదు, వెళ్లు" అంది. డాక్టరుగారు మోచేతుల దాకా సబ్బునురగతో ఇటు తిరిగారు. ఇంక ఆగితే నోరు రాదు.

"బాబూ, ఏడో నెంబరు సావలేదు."

ఆయనకి అర్థం కాలేదు. "ఏ ఏడు?"

"గుడ్డముక్క ఎట్టి కుట్టినారు గదా, స్కైలాబప్పుడు. సావలేదు బాబూ. నానే ఒదిలీసేను. సీము కారలేదు. ఒక్క సుక్క కారలేదు. పన్నెండు రోజులు నా సేతుల్లోనే ఉన్నాది, తిన్నాది, నడిసింది. పోయినేడు హార్బరుకాడ మల్లీ సూసేను, పిల్లల్నెట్టి తిరుగుతంది."

కొళాయి నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఆయన చేతుల మీద నురగ కిందికి జారుతూ మోచేతి కొసల నుంచి బొట్లు బొట్లుగా పడుతోంది. కోప్పడతారనుకుంది. ఆయన అడగడం మొదలుపెట్టారు, ఒకదాని వెనక ఒకటి, ముఖంలో ఏ రంగూ లేకుండా.

"వాపు?"

"మొదటి మూడు రోజులు. తరవాత నేదు."

"జ్వరం? ముక్కు వేడిగా ఉండేదా?"

"నాలుగో రోజుకి సల్లబడిపోయింది."

"ఆయాసం?"

"నేదు బాబూ. గోనెసంచిలోంచి దిగి నడుసుకోనే ఎల్లిపోయింది."

"చీము కారిందని నువ్వే కదా చెప్పావు నాకు."

అవునన్నట్టు తలూపింది.

"దాని తర్వాత నాలుగు చేశాను. తెలుసా నీకు?"

"తెలుసు బాబూ. నానే పట్టుకున్నాను."

ఆయన గోడవైపు తిరిగి, కడిగిన చేతుల్ని మళ్లీ మొదట్నుంచీ, గోళ్ల దగ్గర్నుంచీ తోముకోవడం మొదలుపెట్టారు. "బయట కూర్చో" అన్నారు. అంతే.

కూర్చుంది. కాసేపటికి గౌరీశ్వరమ్మ విసవిసా బయటికొచ్చి డాక్టరుగారి గదిలోకి వెళ్లి, బీరువా తీసిన చప్పుడు, చిన్న రేకు డబ్బా పట్టుకుని పనిముట్లు ఉడకబెట్టే గది వైపు పరిగెత్తింది. ఆ డబ్బా తెలుసు తనకి. మూత మీద సొట్ట. అందులోనే ఉంటాయి తెల్ల గుడ్డముక్కలు. నమ్మారు. తన మాట నమ్మారు. గుండెల మీంచి బండ దిగినట్టయింది, ఒక్క నిమిషం, అంతే, ఆ నిమిషం అవగానే ఇంకోటి వచ్చి కూర్చుంది. హార్బరు దగ్గర చూసింది అదేనా?

గోధుమరంగు. హార్బరు నిండా గోధుమరంగు కుక్కలే. ముందు కాలు తెలుపు, ఎడంకాలా, కుడికాలా, ఎదురుగా వస్తున్న కుక్కకి ఎడమేదో కుడేదో, తను ఇటు నిలబడితే దాని ఎడం తన కుడి కదా, అప్పుడు చూసుకుందా? పక్కటెముకల మీద మచ్చ చూసిందా? బొచ్చు కప్పేసింది. చూద్దామని దగ్గరికి పోతే పిల్లలున్న కుక్క గుర్రుమంది. సీతాలూ అంటే తలెత్తింది, అవును ఎత్తింది, కానీ చేతిలో ఎండుచేప ఉంది, చేప ఉన్న చెయ్యి చాపితే ఏ కుక్కయినా ఎత్తుతుంది. ఆరోజు ఇంటికెళ్తూ అదే అది అనుకుంది, అనుకోవాలనిపించి అనుకుంది, ఎవరికీ చెప్పేది కాదు కాబట్టి ఎలా అనుకున్నా పర్వాలేదు. ఇప్పుడు అది మాటయింది. గుడ్డముక్క అయింది. గుడ్డముక్క చెల్లెలి గుండెకి వెళ్తోంది. ఏడోది పదిహేనో రోజునో పదహారో రోజునో ఏ తుప్పలోనో నిజంగానే చీముపట్టి చచ్చిపోయిందేమో, అప్పుడు తను రెండేళ్ల కిందట చెప్పిన అబద్ధమే నిజమై ఇవాళ చెప్పిన నిజమే అబద్ధమై, లేచి తలుపు కొట్టాలి, బాబూ పన్నెండు రోజులొక్కటే నిజం, తక్కింది నాకు తెలీదు అని చెప్పాలి, లేచింది కూడా, కానీ తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. కోత పడింది. కోత పడ్డాక తలుపు కొట్టకూడదు. లేచిన మనిషి లేచినట్టే నిలబడిపోయింది.

పదిన్నర. పదకొండు. ఓడ కూత ఒకటి వచ్చి గోడల్లో ఇంకిపోయింది. లోపల ఇప్పుడేం జరుగుతుందో ఈ వసారాలో కూర్చున్న వాళ్లలో తనొక్కతికే తెలుసు, అదే శిక్ష. వీరన్నకి ఆ తలుపు తలుపే, వెనక ఏముందో ఖాళీ. తనకి మాత్రం పక్కటెముకలు ఎడంగా జరిపే ఇనప పనిముట్టు, అది తిప్పినప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు, ఊపిరితిత్తి పక్కకి నొక్కితే కింద చేతిలో పట్టిన పిట్టలా కొట్టుకునే గుండె, ఆ గుండె కొసన కత్తి, కంత, వేలు, ఎగజిమ్మిన నెత్తురు, వేలు తియ్యగానే ముడి పడాలి, పడకపోతే రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, నాలుక పక్కకి జారిపోయేది, డాక్టరుగారు తొడుగులు తీసి పడేసేవారు, తను తాళ్లు విప్పేది. ఎన్నిసార్లు. ఆ బల్లమీద తవిటి. కాదు, కుక్క. కాదు. కళ్లు మూస్తే ఒకటి, తెరిస్తే ఒకటి. నీళ్లు తాగొదినా అన్నాడు వీరన్న. తాగలేదు.

పదకొండున్నర దాటాక తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు తలకి కట్టిన గుడ్డ తియ్యకుండానే వచ్చారు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వీరన్న ముందుకెళ్లి చేతులు కట్టుకున్నాడు. "బతికింది" అన్నారు ఆయన, "తలుపు బాగా తెరుచుకుంది. ఇంకో రెండు రోజులు గడవాలి." వీరన్న నేలమీద కూర్చుండిపోయి చిన్నపిల్లాడిలా గుక్కపట్టాడు. ఆయన వచ్చి గంగాలమ్మ పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చోలేదు అలా. ఆమె లేవబోతే ఉండమన్నారు.

"గుడ్డముక్క పక్కన సిద్ధంగా పెట్టుకుని, మొదట దారమొక్కటే వేశాను. కోసుకుపోయింది. అప్పుడు గుడ్డముక్క వేశాను. నిలబడింది."

ఇప్పుడైనా చెప్పాలి. "బాబూ, హార్బరుకాడ సూసింది అదో కాదో నాకు తెలీదు. అదే అనుకున్నాను. పన్నెండు రోజులు మాత్తరం నిజం."

ఆయన ఆమె వైపు చూశారు, చాలా అలసిపోయిన చూపు. "పన్నెండు రోజులే కావలసింది నాకు" అన్నారు. తర్వాత, "ఎలమంచిలి ఆవిడ గుర్తుందా?"

"ఉంది బాబూ."

"ఆవిడకి కూడా ఇలాగే కోసుకుపోయింది. గుడ్డ వేస్తే చీము పడుతుందని వెయ్యలేదు నేను." చేతులు ముందుకి పెట్టుకుని చూసుకున్నారు. "వేసినా బతికేదో లేదో. చెప్పలేం. నువ్వు అబద్ధం చెప్పావు. గొయ్యి తవ్వి చూడకుండా నేను నమ్మాను. ఇద్దరం కలిసే చేశాం." "పుస్తకంలో రాసింది కొట్టేసి దిద్దాలి. సూపరింటెండెంటు సంజాయిషీ అడుగుతారు. నేను దాచను."

"దాయొద్దు బాబూ."

సాయంత్రం నాలుగింటికి ఒక మనిషిని లోపలికి రానిచ్చారు. తవిటి కళ్లు తెరవలేదు ఇంకా, ముక్కులో గొట్టం, పక్కలోంచి ఒక గొట్టం, పెదాల మీద ఆ నేరేడుపండు రంగు మాత్రం పల్చబడింది, ఎన్నాళ్లకి చూసింది ఆ పెదాల అసలు రంగు. ఉన్నట్టుండి ముఖం ముడుచుకుపోయింది, గొంతులోంచి సన్నని మూలుగు, తల అటూ ఇటూ, చేత్తో పక్కటెముకల్ని పట్టుకోబోయింది. గౌరీశ్వరమ్మ చార్టు చూసి సూది తెచ్చి వేసింది. "నొప్పి. నాలుగు గంటలకోసారి ఇవ్వమన్నారు, మూడు రోజులు. ఇవ్వకపోతే ఓర్చుకోలేరు, గట్టిగా ఊపిరి కూడా తియ్యరు, ఎముకలు ఎడం చేశాం కదా" అంది. చూస్తూండగానే తవిటి నుదురు విడిపోయింది, వేళ్లు విడిపోయాయి. పక్కకి ఒరిగి నిద్రపోయింది. ఒరిగి. పడుకుని. గంగాలమ్మ కళ్ల ముందు బోన్లు తెరుచుకున్నాయి, ఇటు పది, అటు పది. మెలకువ వచ్చిన కుక్క పడుకునేది కాదు. రెండు రోజులు, మూడు రోజులు నిలబడే ఉండేది, కాళ్లు వణికేవి, కళ్లు మూతపడి తల ఊచకి కొట్టుకుని మళ్లీ తెరుచుకునేవి. పడుకోవే అని తట్టేది తను. కుక్కల అలవాటేమో అనుకుంది. ఆరేళ్లు అలాగే అనుకుంది. వాటికి ఈ సూది ఏది? మత్తుకి ఒకటి, అంతే. మెలకువ వచ్చాక ఏదీ? ఏడోదానికీ లేదు. తర్వాతి నాలుగింటికీ లేదు.

డాక్టరుగారు చూడ్డానికి వచ్చారు. నాడి చూశారు, చార్టు తిరగేశారు. వెళ్లబోతూ, ఎప్పట్లాగే, పని మాట్లాడినట్టు అన్నారు: "ఎల్లుండి రెండు వస్తాయి షెడ్డుకి. గుడ్డముక్క సంగతి ఇప్పుడు సరిగ్గా చూడాలి."

ఇవాళే చెల్లెల్ని చేతికిచ్చిన మనిషి. తన అబద్ధానికి ఇంకా శిక్ష పడలేదు. ఎలమంచిలి పంతులు ఇంట్లో ఇవాళ ఎవరు వండారో. ఏం అడిగే మొహముంది తనకి, ఏమీ లేదు, అయినా కాళ్లు మంచం పక్క నుంచి జరిగి ఆయనకి అడ్డంగా నిలబడ్డాయి.

"బాబూ, ఆటికీ ఈ సూది రాయండి. నేకపోతే నాను మూతి పట్టుకోను."

గౌరీశ్వరమ్మ ట్రే చప్పుడు ఆగిపోయింది. డాక్టరుగారు ఆమె వైపు, ఆమె వెనక నిద్రపోతున్న తవిటి వైపు చూశారు.

"ఆ రెండిటికీ మూడేసి రోజులు, నాలుగు గంటలకోసారి. రాత్రిళ్లు ఎవరుంటారు అక్కడ, సూది వెయ్యడానికి?"

"నానుంటాను. ఎయ్యడం నేర్పండి."

ఆయన జేబులు తడుముకుని, కలం ఎక్కడో మర్చిపోయినట్టున్నారు, నర్సు వైపు చెయ్యి చాపారు.